22 అక్షరాల పనితనం

తెలుగునాట ఒకటి రెండు సన్మానాలు జరిగిన ఏ రచయిత ఇంట్లో చూసినా బీరువా పై అరలో శాలువాలు పేరుకుని ఉంటాయి. వాటిలో నిజమైన పష్మీనా ఒక్కటీ ఉండకపోవచ్చు. అసలు పష్మీనా పోగు ఎంత సన్నమో చెప్పాలంటే లెక్కలోకి దిగాలి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. లద్దాఖ్‌లోని చాంగ్‌థాంగీ మేక నూగు 12 నుంచి 15 మైక్రాన్లు. మన వెంట్రుక ఒక్కటి పట్టే చోట ఆ పోగులు ఐదు పక్కపక్కన పడతాయి. సిరిసిల్లలో అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి చూపించారు. అక్కడ గొప్పతనమంతా నేసిన చేతిది. పష్మీనాలో మాత్రం సగం పనితనం మగ్గం దాకా రాకముందే, మేక చర్మంలోనే అయిపోతుంది. నేను చెప్పబోయేది ఆ సగం సంగతి.

చాంగ్‌థాంగ్ నాలుగు వేల మీటర్లకు పైన ఉండే బయలు. చలికాలంలో అక్కడ ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీల దాకా పడిపోతుంది. చాంగ్‌పా పశుపోషకులు యాక్ వెంట్రుకలతో నేసిన డేరాల్లో ఉంటూ, మేత ఉన్న చోటికల్లా మందలను తోలుకుపోతారు. వాళ్ల మేకకు రెండు కోట్లు. పైది పొడవాటి బిరుసు వెంట్రుక. మంచు తుంపరనీ గాలినీ అది ఆపుతుంది. దాని కింద, బయటికి కనిపించకుండా, నూగు. వేడిని పట్టి ఉంచేది అదే. మన నెల్లూరు గొర్రెకు ఇలాంటి ఏర్పాటు లేదు, దానికి ఆ అవసరమూ లేదు. దక్కనీ గొర్రెకు ఉన్ని ఉంది కానీ అది ముతక, గొంగడికి తగినది. గొంగడి కోసం గొర్రెను కత్తిరిస్తారు. పష్మీనా కోసం మేకను కత్తిరించరు, దువ్వుతారు. ఎండలు ముదిరే వేళకు నూగు తనంతట తానే వేళ్లు వదిలేసి ఉంటుంది కాబట్టి దువ్వెన చాలు. ఏటా ఒక కోటును పెంచి, పని తీరగానే విడిచేసి, మళ్లీ అంతే సన్నగా కొత్తది పెంచడం ఎలా సాధ్యమన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందు కుదుళ్లు చూద్దాం. మేక చర్మాన్ని ఉపరితలానికి సమాంతరంగా పల్చటి పొరగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, వెంట్రుక కుదుళ్లు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. గుంపులో సాధారణంగా మూడు పెద్ద కుదుళ్లు, వాటిని ఆనుకుని చిన్న కుదుళ్లు అనేకం. పెద్దవాటిలోంచి బిరుసు వెంట్రుక వస్తుంది, చిన్నవాటిలోంచి నూగు. పెద్ద కుదురు సర్వాంగాలూ ఉన్న సంసారం. దానికి చెమట గ్రంథి ఉంటుంది, నూనె గ్రంథి ఉంటుంది, చలికి వెంట్రుకను నిక్కబొడిపించే చిన్న కండరమూ ఉంటుంది. నూగు కుదురుకు కండరమూ లేదు, చెమట గ్రంథీ లేదు. పెద్ద వెంట్రుకకు నడుమ గుల్లగా ఒక దూటు ఉంటుంది. నూగుకు అదీ ఉండదు, లోపలంతా కెరటిన్ అనే గట్టి ప్రొటీన్. ఆ గుల్ల లేకపోవడమే నూగు మెత్తదనానికి ఒక కారణం.

ఏ కుదురుకైనా అడుగున బొడిపె లాంటి ఒక చిన్న కణాల ముద్ద ఉంటుంది. చుట్టూ ఉన్న కణాలకు ఎప్పుడు విభజన చెందాలో, ఎప్పుడు ఆగాలో కబురు పంపేది ఆ బొడిపే. అది ఎంత పెద్దదైతే వెంట్రుక అంత మందం. నూగు కుదురులో అది పిసరంత. బొడిపె చుట్టూ చేరిన కణాలు చకచకా విభజన చెందుతూ పైకి జరుగుతాయి. జరుగుతూ జరుగుతూ కెరటిన్‌తో నిండి, గట్టిపడి, చచ్చిపోయి పోగవుతాయి. కుదురు గోడలో కొంచెం పైన ఉబ్బెత్తుగా ఉన్న చోట మూలకణాలు నిద్రలో ఉంటాయి. వచ్చే ఏటి పోగుకు అవే విత్తనం.

కుదురుకు మూడు దశలు: పెరిగే ఆనాజెన్, ముడుచుకునే కాటాజెన్, ఊరికే ఉండే టీలోజెన్. మన నెత్తి మీద ఒక్కో వెంట్రుక తన లెక్కన తాను తిరుగుతుంది, అందుకే రోజూ కొన్ని రాలుతున్నా బట్టతల కనిపించదు. (కనిపించే వాళ్ల సంగతి వేరు.) మేక నూగు కుదుళ్లు అలా కాదు, వేలకు వేలు ఒకేసారి కదులుతాయి. నూగు పెరిగేది దాదాపుగా దక్షిణాయనంలో. జూన్ 21 తరువాత పగలు కురచబడుతున్న కొద్దీ పెరుగుతూ పోయి, డిసెంబరు 22 ప్రాంతాల పగలు మళ్లీ సాగడం మొదలయ్యేసరికి పని కట్టేస్తుంది. మన పంచాంగంలో ఉత్తరాయణం మకర సంక్రాంతికి వస్తుంది, అంటే అసలు సూర్యుడు మళ్లిన మూడు వారాలకు. మేక ఆ మూడు వారాలు ఆలస్యం చేయదు.

మేకకు రోజు పొడవు తెలిసేది కంటి ద్వారా. చీకటి పడితే మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ వదులుతుంది, వెలుతురు రాగానే ఆపేస్తుంది. రాత్రి ఎంత పొడవో రక్తంలో మెలటోనిన్ అంతసేపు ఉంటుంది. ఆ కొలతను బట్టి పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిన్‌ను ఎక్కువ తక్కువలు చేస్తుంది. దీర్ఘమైన పగళ్లలో ప్రొలాక్టిన్ హెచ్చు, కురచ పగళ్లలో తక్కువ. ఈ కిటుకు తెలిశాక మనిషి ఊరుకుంటాడా? ఇన్నర్ మంగోలియాలో వేసవిలోనూ మేకలను రోజులో ఎక్కువ భాగం చీకటి కొట్టాల్లో ఉంచి, పగలు కురచైందని వాటిని నమ్మించి, అదనంగా నూగు తీసే పద్ధతి ఉంది. మెలటోనిన్ గుళికను చర్మం కిందికి ఎక్కించినా అదే ఫలితం.

అయితే హార్మోను కబురు మాత్రమే, పని కాదు. కుదురు లోపల ఆ కబురు ఉత్తర్వులుగా మారాలి. పెరగమనే ఉత్తర్వుల్లో పేరున్నది వింట్ అనే సంకేత మార్గం, దాని చేతి మనిషి బీటా-కాటెనిన్. ఆగమనే వాటిలో బీఎంపీ ఒకటి, ఎఫ్‌జీఎఫ్5 ఇంకొకటి. ఈ ఎఫ్‌జీఎఫ్5 ఎంత గట్టి బ్రేకో చైనాలోని షాన్‌బే తెల్ల మేకల్లో చూశారు. జన్యు కత్తెర క్రిస్పర్‌తో దాన్ని తెగ్గొడితే పుట్టిన మేకలకు పోగు మరింత పొడవు పెరిగింది.

మనకు పరిచయమైన చిక్కు ఒకటి ఇక్కడ ఎదురవుతుంది. సర్కారు కొత్త జీవో తెస్తుంది, పాత జీవో నకళ్లు మాత్రం ప్రతి బల్ల మీదా ఇంకా ఉంటాయి. కింది ఉద్యోగి పాతదాని ప్రకారమే పని చేసుకుపోతాడు. కణంలోనూ అంతే. జన్యువు నుంచి ఉత్తర్వు నకలు, అంటే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ, బయటికి వచ్చాక గంటల తరబడి నిలుస్తుంది. అది ఉన్నంతసేపూ దాన్ని చదివి కణం ప్రొటీన్ తయారుచేస్తూనే ఉంటుంది. డిసెంబరులో ఆగమని చెబితే చాలదు, పెరగమని అంతకుముందు పంపిన నకళ్లను ఏరి చించేయాలి. ఆ ఏరివేతలో చేయి వేసేది మైక్రో ఆర్‌ఎన్‌ఏ, పొడవు సుమారు 22 అక్షరాలు. అక్షరం అంటే ఆర్‌ఎన్‌ఏ గొలుసులో ఒక్కో పూస.

దీన్ని మొదట చూసింది మేకలో కాదు, మిల్లీమీటరు పొడవుండే ఒక నులిపురుగులో. ఆ పురుగు పిల్లదశలు నాలుగు దాటి పెద్దదవుతుంది. లిన్-4 అనే జన్యువు చెడితే మొదటి దశ పనులనే తిరిగి తిరిగి చేస్తుంది, ముందుకు పోలేదు. విక్టర్ ఆంబ్రోస్ బృందంలో రొజలిండ్ లీ, రోండా ఫైన్‌బామ్ ఆ జన్యువును వెతికి పట్టుకుంటే, అది ప్రొటీన్ తయారుచేయని జన్యువని తేలింది. దాని ఉత్పత్తి రెండు ఆర్‌ఎన్‌ఏ ముక్కలు, ఒకటి 61 అక్షరాలు, ఒకటి 22. అదే సమయంలో గ్యారీ రవ్‌కున్ లిన్-14 అనే మరో జన్యువు మీద పని చేస్తున్నాడు. ఆంబ్రోస్, రవ్‌కున్ ఇద్దరూ తమ దగ్గరున్న అక్షరాలను పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. లిన్-14 ఉత్తర్వు చివరి భాగానికి ఆ చిన్న ముక్క జతపడుతోంది. మొదటి దశ ఉత్తర్వును అణిచేసి రెండో దశకు దారి వదలడం దాని పని. ఆ పత్రాలు 1993లో వచ్చాయి. నోబెల్ వచ్చింది 2024లో. మధ్యలో చాలా కాలం అది పురుగుల గొడవే అనుకున్నారు. 2000లో లెట్-7 దొరికాకే లోకం తిరిగి చూసింది. దాని అక్షరాలు పురుగులోనూ ఈగలోనూ మనిషిలోనూ ఒకటే. మేక చర్మంలో సమృద్ధిగా దొరికే చిన్న ఆర్‌ఎన్‌ఏల్లో లెట్-7 కుటుంబం ఉంది. మొట్టమొదట దొరికిన రెండూ దశ మార్చే పనివాళ్లే కావడం నాకు ఎప్పటికీ పాత పడని ముచ్చట.

ఇక తయారీ. నా మటుకు అసలు అందం ఇక్కడుంది. జన్యువు నుంచి మొదట పొడవాటి ఆర్‌ఎన్‌ఏ పోగు వస్తుంది. అందులో ఒక చోట అక్షరాలు ఎదురెదురుగా జతపడి, పోగు తన మీదికే మడత పడుతుంది. రెండు కాళ్లు, పైన వంపు. ఆడవాళ్లు జడలో పెట్టుకునే పిన్ను ఆకారం, శాస్త్రవేత్తలూ దాన్ని హెయిర్‌పిన్ అనే అంటారు. వెంట్రుకను అదుపు చేసేదానికి ఆ పేరు పడడం ఎవరూ కావాలని చేసింది కాదు.

కణకేంద్రకంలో డ్రోషా అనే కత్తి, డీజీసీఆర్8 అనే తోడుతో కలిసి ఆ పిన్నును పట్టుకుంటుంది. రెండు కాళ్లు విడిపోయే మొదటి చోటును గుర్తుపట్టి, అక్కడి నుంచి సుమారు 11 జతలు లెక్కించి కోస్తుంది. ఆర్‌ఎన్‌ఏ జంట పోగు ఒక చుట్టు తిరగడానికి పట్టేది కూడా దాదాపు 11 జతలే, అంటే సరిగ్గా ఒక మెలిక. కోత నిలువునా తిన్నగా ఉండదు, ఒక కాలు రెండక్షరాలు పొడవుగా మిగులుతుంది. ఆ రెండక్షరాల మిగులు పొరపాటు కాదు. ఎక్స్‌పోర్టిన్-5 అనే మోతగాడు దాన్ని చూసే పిన్నును గుర్తుపట్టి కేంద్రకం బయటికి చేరవేస్తాడు. బయట డైసర్ అనే రెండో కత్తి ఆ చివరనే పట్టుకుని, అక్కడి నుంచి 22 అక్షరాలు కొలిచి వంపును కోసేస్తుంది. వడ్రంగం తెలిసినవాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. మొదటి పనివాడు కొట్టి వదిలిన గాడే రెండోవాడికి కొలతకు ఆధారం. టేపు విడిగా మోసుకు తిరగనక్కర్లేదు.

ఇప్పుడు మిగిలింది రెండు పోగుల చిన్న జంట. ఆర్గొనాట్ అనే ప్రొటీన్ అందులో ఒకదాన్నే ఉంచుకుంటుంది. రెండు చివర్లలో ఏది వదులుగా జతపడి ఉందో, ఆ వైపున మొదలయ్యే పోగును నిలుపుకుని రెండోదాన్ని పారేస్తుంది. ఉంచుకున్న పోగులో 2 నుంచి 8 దాకా ఉండే ఏడు అక్షరాలు కీలకం. వాటిని శాస్త్రవేత్తలు విత్తనం అంటారు. ఆర్గొనాట్ ఆ అక్షరాల్లో ముందువాటిని మెలిక ఆకారానికి ముందే వంచి, బయటికి తిప్పి పట్టుకుంటుంది. ఉత్తర్వు నకళ్లు పక్క నుంచి పోతుంటే తడుముతూ, విత్తనానికి జత కుదిరిన చోట ఆగుతుంది. ఆ చోటు సాధారణంగా ఉత్తర్వులో ప్రొటీన్ పాఠం ముగిసిన తరువాతి భాగంలో ఉంటుంది, చివర సంతకం కింద రాసిన గమనికలా. ఆగాక జీడబ్ల్యూ182 అనే తోడు ప్రొటీన్ వచ్చి, తోక కొరికే ఎంజైములను పిలుస్తుంది. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకు చివర పొడవాటి తోక ఉన్నంతకాలమే ఆయుష్షు. తోక కురచబడుతుంది, తల మీది టోపీ ఊడుతుంది, ఇక నకలు ముక్కలైపోతుంది.

అక్షరాలు నాలుగే కాబట్టి ఏడక్షరాల వరసలు 16,384 రకాలు. అంత చిన్న గుర్తు చాలా ఉత్తర్వుల్లో తారసపడుతుంది. అందువల్ల ఒక్క మైక్రో ఆర్‌ఎన్‌ఏకు వందల మీద పట్టు ఉంటుంది, ఒక ఉత్తర్వు మీద పది రకాలు కన్నేసి ఉండొచ్చు. పట్టు మాత్రం తేలిక. ఒక్క చోట అతుక్కుంటే ప్రొటీన్ ఉత్పత్తి సగం కూడా తగ్గదు, చాలాసార్లు మూడో వంతు లోపే. ఇది మీట నొక్కి దీపం ఆర్పడం కాదు, కూరలో ఉప్పు సరిచూడడం. ఇంత మెత్తని చేయి ఎందుకని మొదట్లో నాకూ అనిపించింది. కుదురు ముడుచుకోవడం అంటే వందలాది ప్రొటీన్లు కలిసి తగ్గడం. ఏ ఒక్కదాన్నో పూర్తిగా నరికేస్తే పోగు వికారమవుతుంది. అన్నిటినీ కాస్త కాస్త కిందికి లాగితే కుదురు పద్ధతిగా కూర్చుంటుంది.

ఈ చేతిని మొత్తంగా తీసేస్తే ఏమవుతుంది? 2006లో ఎలుకల్లో చేసి చూశారు. చర్మంలో డైసర్ లేకుండా చేస్తే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు తయారు కావు. అలాంటి ఎలుకల్లో వెంట్రుక కుదుళ్లు లోపలికి దిగాల్సింది పోయి పైకి ఉబ్బాయి. ఎన్ని ఉత్తర్వులు ఒకేసారి నోరెత్తితే ఒక కుదురు దిక్కు మరిచిపోతుందో ఊహించండి.

తరువాత ఒక్కొక్కదాని పని విడదీశారు. వీటిలో చాలావాటికి పేర్లుండవు, నంబర్లే. 203వది చర్మం మూలకణం మూలకణంగానే ఉండిపోకుండా చూస్తుంది. మూలకణ లక్షణాన్ని నిలబెట్టే పీ63 ఉత్తర్వును అణిచి, పైకి జరిగే కణాన్ని ముదరనిస్తుంది. 214వది బీటా-కాటెనిన్ ఉత్తర్వునే పట్టుకుంటుంది. ఎలుక చర్మంలో దాన్ని ఎక్కువ చేస్తే కుదుళ్లు తక్కువయ్యాయి, వెంట్రుక సన్నబడింది. 22వది ఆనాజెన్ నుంచి కాటాజెన్‌కు తోస్తుంది. వెంట్రుకకు కావలసిన కెరటిన్ల మీద అజమాయిషీ చేసే డీఎల్‌ఎక్స్3, ఫాక్స్‌ఎన్1 ఉత్తర్వులను అది కిందికి లాగుతుంది. దాన్ని మితిమీరి పెంచితే ఎలుక బొచ్చు ఊడింది. ఈ వరసలో నాకు బాగా నచ్చింది 31వది. పెరిగే దశలోనే అది దండిగా ఉంటుంది, పెరుగుదల ఆగితే తగ్గిపోతుంది. పెరగడానికి సాయపడేది కాబోలనుకుని దాన్ని అడ్డగిస్తే, ఆనాజెన్ ఇంకా తొందరపడింది. అంటే అది పరుగెత్తే ఎద్దుకు కట్టిన ముకుతాడు. పెరుగుదలతో పాటే దాని పగ్గమూ తయారవుతోంది.

మేకలో ఈ పని చూడడానికి కావలసిన ఓపిక వేరు. చైనాలో, ముఖ్యంగా ఇన్నర్ మంగోలియా, లియావోనింగ్, షాన్‌షీ మేకల మీద ఏళ్లుగా పని జరుగుతోంది. ఒకే మేక పక్క భాగం నుంచి వేర్వేరు నెలల్లో బియ్యపు గింజంత చర్మం తీస్తారు. అందులోని చిన్న ఆర్‌ఎన్‌ఏలన్నిటినీ అక్షరం అక్షరం చదివి, ఏ నెలలో ఏది ఎంతుందో పట్టీ వేస్తారు. ఎలుకకు ఇన్ని నెలల క్యాలెండర్ లేదు. దాని కుదురు కొన్ని వారాల్లో ఒక చుట్టు తిరిగేస్తుంది. మేక పట్టీలో మాత్రం ఏడాది మొత్తం కనిపిస్తుంది. ఆనాజెన్‌లో ఒక రకం గుంపు ఎక్కి, కాటాజెన్‌లో మరో గుంపు ఎక్కుతుంది.

పట్టీలో అంకె చూసి నమ్మరు, విడిగా కొలుస్తారు. అక్కడా ఒక తమాషా చిక్కు ఉంది. ఆర్‌ఎన్‌ఏను కొలవడానికి దానికి ఒక చిన్న పట్టుముక్కను జత చేయాలి. మైక్రో ఆర్‌ఎన్‌ఏ పొడవే ఆ పట్టుముక్కంత. గరిటె అంతే ఉన్న గిన్నెలోంచి చారు తీయమన్నట్టు. దానికి ఉపాయం మళ్లీ హెయిర్‌పిన్నే. మడత పెట్టిన పట్టుముక్కను చివరి కొన్ని అక్షరాలకు అతికించి, పోగును పొడిగించి, ఆ తరువాత కొలుస్తారు.

ఫలానా మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఫలానా ఉత్తర్వునే పట్టుకుంటోందని రుజువు చేయడానికి మిణుగురు పురుగు సాయం తీసుకుంటారు. మిణుగురు వెలుగుకు కారణమైన జన్యువుకు చివర, అనుమానం ఉన్న మేక ఉత్తర్వు తోక భాగాన్ని అతికిస్తారు. దాన్ని కణాల్లో పెడితే అవి వెలుగుతాయి. మైక్రో ఆర్‌ఎన్‌ఏను కూడా చేరిస్తే వెలుగు మందగిస్తుంది. ఇక ఆ తోకలో విత్తనానికి జతపడే అక్షరాలను మాత్రమే మార్చి మళ్లీ చూస్తారు. వెలుగు తిరిగి వస్తే సాక్ష్యం కుదిరినట్టు. రెండు మూడక్షరాలు మార్చి, దీపం తగ్గడం పెరగడం చూసి, చీకట్లో జరిగే జతను పట్టుకున్నారు. ఈ పరీక్ష గురించి చదివినప్పుడల్లా దాన్ని కనిపెట్టినవాళ్లకు మంచి శాలువా కప్పాలనిపిస్తుంది.

ఇంకో అంచె ఉంది. కణంలో కొన్ని ఆర్‌ఎన్‌ఏలు చివరలు కలిసి గాజులా గుండ్రంగా ఉంటాయి. చివరలు లేవు కాబట్టి కొరికే ఎంజైములకు దొరకవు, చాలాకాలం బతుకుతాయి. వాటిలో కొన్నింటి మీద విత్తనానికి జతపడే చోట్లు ఉంటాయి. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు వాటికి అతుక్కుని అక్కడే ఉండిపోతే అసలు ఉత్తర్వుల జోలికి రావు. మేక నూగు కుదుళ్లలో ఇలాంటి గాజులనూ వెలికి తీశారు. ఉత్తర్వు, ఉత్తర్వును చించే చేయి, ఆ చేతిని పట్టి ఆపే మరో చేయి. ఎంత సన్నని సర్దుబాటైనా చేయడానికి ఇన్ని పట్టుకొమ్మలు.

మే నెల వస్తుంది. చాంగ్‌థాంగ్‌లో గడ్డి ఇంకా సరిగా లేవదు. మేకను పడుకోబెట్టి, కాళ్లు కట్టి, పొడుగు పళ్ల దువ్వెనతో మెడ నుంచి వెనక్కి దువ్వుతారు. నూగు కింది కొస ముడి తేలి, వేరు విడిచి, కుదురులో ఊరికే ఆని ఉంటుంది కాబట్టి పాయలు పాయలుగా జారి వస్తుంది. మేక పెద్దగా గింజుకోదు. ఒక్కో దాని నుంచి రెండు మూడు వందల గ్రాములు. అదే రక్తం, అదే మెలటోనిన్ అందిన పెద్ద కుదుళ్లు మిల్లీమీటరు దూరంలో తమ వెంట్రుకను చాలావరకు పట్టుకునే ఉంటాయి. అయినా దువ్వెనకు కొన్ని బిరుసు వెంట్రుకలు చిక్కక మానవు. వాటిని నూగులోంచి ఏరాలి. లేహ్‌లో ఇప్పుడు ఆ పనికి యంత్రం ఉంది. అది లేని చోట కూర్చుని, రెండు వేళ్లతో, ఒక్కొక్కటే ఏరతారు.